చప్పుడు లేని నడక

"వీటన్నిట్లో చప్పుడు తక్కువ చేసేది ఏది?" అని అడిగాడు తొలెగెన్, కొట్టు గడప దాటుతూనే.

అల్మాటీలో వ్యాయామ పరికరాలు అమ్మే కొట్టు అది. కైరొల్లా పదేళ్ళుగా అక్కడ అమ్ముతున్నాడు. వచ్చినవాళ్ళు ధర అడుగుతారు, రంగు అడుగుతారు, పొట్ట ఎన్ని నెలల్లో తగ్గుతుందని అడుగుతారు. వస్తూనే చప్పుడు గురించి అడిగిన మనిషి ఇతనే.

"ఈ ఎలిప్టికల్ యంత్రం చూడండి పెద్దాయనా, నిలబడి తొక్కేది. పాదం పలక మీంచి లేవదు. గాలిలో నడిచినట్టుంటుంది. ఎవరికి, మీకేనా?"

"నాకెందుకు? నాకు నిద్రొస్తే చాలు," అన్నాడు తొలెగెన్. అతని కళ్ళ కింద చర్మం సంచుల్లా వేలాడుతోంది.

పక్కనున్న భార్య జౌరేష్ మాట అందుకుంది.

"ఒకమ్మాయికి బాబూ. పొద్దున్నే అయిదున్నరకు తాడు పట్టుకుని దూకడం మొదలుపెడుతుంది. అద్దాల బీరువాలో టీ గిన్నెలు గలగలమంటాయి. ఈయనకు రక్తపోటు. నిద్ర లేకపోతే మందులు పనిచేయవని డాక్టరు చెప్పేశాడు."

"కొత్త కోడలా?" అని నవ్వాడు కైరొల్లా.

"వచ్చి రెండు నెలలే అయింది," అంది జౌరేష్.

"ఆరువందల నలభై," అన్నాడు తొలెగెన్. "రోజూ అన్నే దూకుతుంది. నాలుగువందలు దాటాక ఒకసారి తాడు కాలికి తగులుతుంది. కాసేపు ఆగి మళ్ళీ మొదలు. నేను పడుకునే లెక్కపెడతాను."

"మొన్న మూడు రోజులు దూకలేదు. ఒంట్లో ఎలా ఉందోనని కంగారుపడిందీ ఈయనే. అప్పుడూ నిద్రపోలేదు."

"దూకొద్దని ఆమెతోనే అనొచ్చుగా పెద్దమ్మా? మా అమ్మయితే తాడు తీసి పొయ్యిలో పెట్టేది."

"అనడం ఎంతసేపు? మొదటి మాటే చీవాట్లయితే ఆ పిల్ల ఇంక మా గుమ్మం తొక్కుతుందా?"

తొలెగెన్ తల వంచుకున్నాడు. "కొత్తగా వచ్చిన మనిషికి మాంసం వండి, కూర్చోబెట్టి, కొసరి కొసరి పెట్టాల్సింది పెద్దవాళ్ళం మేము. నిద్ర లేని కోపంలో ఆ మర్యాదా చేయలేదు. తప్పు మాదే. సర్యాగాష్ ఊటనీళ్ళ విడిదికి వెళ్ళి పది రోజులు కంటినిండా పడుకుందామని కొంత దాచుకున్నాం. దాంతో ఇది కొనేస్తే రోజూ పడుకోవచ్చని ఈవిడ ఆలోచన."

కైరొల్లా కొలత టేపు తీసి మెడలో వేసుకున్నాడు. అతని ఇంట్లో అమ్మకూ భార్యకూ ఒక గరిటె దగ్గర గొడవై మాటలు లేక ఇవాళ్టికి పదకొండో రోజు.

"అయితే జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఒంటికి కుదరకపోతే నెల తిరక్కుండా దాని మీద బట్టలు ఆరేస్తారు. మళ్ళీ తాడే గతి."

తొలెగెన్ ముఖం పాలిపోయింది. "అలా మాత్రం కాకూడదు."

"అందుకే ఆమె ఎత్తు చెప్పండి. అడుగు పొడవు దాన్నిబట్టే ఉంటుంది."

ముసలివాళ్ళిద్దరూ ముఖాలు చూసుకున్నారు. జౌరేష్ రెండు చేతులూ బారుగా చాపింది. "ఆరేసిన ప్యాంటు ఇంతుంటుంది."

కైరొల్లా ఆ చేతుల మధ్య టేపు పెట్టి కొలిచాడు. "పొడుగు పిల్లే. బరువు?"

"అరవై అయిదు," అన్నాడు తొలెగెన్ తడుముకోకుండా. "కుడికాలి మీద ఎక్కువ వేస్తుంది."

"గది ఎత్తు? ఇది ఎక్కితే మనిషి మూరెడు పైకి లేస్తాడు."

"రెండున్నర మీటర్లు. ఆ భవనంలో అన్ని గదులూ అంతే."

చివరికి రెండు యంత్రాలు మిగిలాయి. తొలెగెన్ నేల వంక చూశాడు.

"దీని కింద గది ఉందా?"

"సరుకు పెట్టుకునే గది ఉంది. ఎందుకు?"

"కింద నుంచి వినాలి."

కైరొల్లా గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "కింద ఇంటివాళ్ళ గురించి ఇంత ఆలోచించే మనిషిని ఈ పదేళ్ళలో చూడలేదు పెద్దాయనా."

"ఎవరో ఒకరు ఆలోచించాలిగా," అంటూ తొలెగెన్ మెట్లు దిగాడు.

కాసేపటికి కింద నుంచి కేక వినిపించింది. "ముందు నువ్వు దూకు బాబూ. తేడా తెలియాలి."

తొంభై కిలోల కైరొల్లా మెడలో టేపుతో పదిసార్లు దూకాడు.

"ఆ పిల్ల చప్పుడు ఇంకా గట్టి," అంది కింది గొంతు.

జౌరేష్ లంగా అంచు ఎత్తిపట్టుకుని మొదటి యంత్రం ఎక్కింది. నాలుగడుగులు వేసిందో లేదో, "కిర్రుమంటోంది, దిగు," అన్నాడు తొలెగెన్.

రెండోదానికి బరువైన చక్రం, రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే బిగింపు. జౌరేష్ ఒక నిమిషం నడిచింది. రెండు నిమిషాలు నడిచింది. కింద నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"ముసలాయనా, వినిపిస్తోందా?"

జవాబు లేదు. ఆమె గబగబా దిగింది. ఇద్దరూ మెట్ల మీంచి పరిగెత్తారు.

అట్టపెట్టెలకు వీపు ఆనించి, నోరు కొద్దిగా తెరుచుకుని, తొలెగెన్ నిద్రపోతున్నాడు. రెండు నెలల నిద్ర.

"ఇదే ఇచ్చెయ్," అంది జౌరేష్ గుసగుసగా.

కైరొల్లా కూడా గొంతు తగ్గించాడు. మునివేళ్ళ మీద పైకి వెళ్ళి రసీదు పుస్తకం తెచ్చాడు. చిరునామా రాసుకున్నాడు. లిఫ్టు లేదని తెలిసినా మోత కూలి వేయలేదు. జేబులోంచి ఒక రంగుల కార్డు తీశాడు.

"ఇది నా తరఫున. యంత్రానికి కడతాను. మీలాంటి అత్తగారు దొరికిన ఆ అదృష్టవంతురాలి పేరేమిటి?"

జౌరేష్ కాస్త ఇబ్బందిగా తలగుడ్డ సర్దుకుంది.

"పేరు తెలీదు బాబూ, 'నాలుగో అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయికి, మూడో అంతస్తు ముసలివాళ్ళ నుంచి' అని రాసెయ్."