తాళం వేసిన పూలమడి

పూలమడి మీద ఇనుపతీగల గూడు. ఆ గూటికి పిడికిలంత తాళం.

ఊళ్లో సగం తలుపులు ఆయన చేసిన తాళాలను నమ్ముకునే నిద్రపోతాయి. అందరూ తాళాల తాత అంటారు. మట్టికి తాళం వేయడం మాత్రం ఆయనకూ ఇదే మొదలు.

"ఏం బావా, లోపల వజ్రాలున్నాయా?" అంది గోడ అవతలి నుంచి మరదలు.

"వజ్రాలకైతే ఇంత పెద్ద తాళం ఎందుకమ్మా? మీ అమ్మ ఇచ్చిన పూల దుంపలు. పందికొక్కు తిరుగుతోంది. కళ్లారా చూశాను, దూడంత ఉంది. నన్ను చూసి మీసం దువ్వింది."

"దూడంతా? మొన్న మేకపిల్లంత అన్నావు!"

"మొన్నటి నుంచి తింటూనే ఉంది కదా మరి!"

మరదలు పకపకా నవ్వింది. వాకిలి ఊడుస్తున్న ఆయన భార్య నవ్వలేదు. చెల్లెలి గొంతు వచ్చిన వైపు తలైనా తిప్పలేదు.

అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఆ రెండిళ్ల మధ్య గోడకు ఏళ్ల తరబడి పనే లేదు. గొడవ ఎక్కడ మొదలైందో ఇద్దరికీ గుర్తులేదని తాత అనుమానం. అడిగే ధైర్యం ఎవరికుంది?

ఏడాదికి ఒక్క పూట మాత్రం మాటలుండేవి.

చలి సడలే రోజుల్లో, చెట్టూ చేమా ఇంకా ఆవులిస్తుండగానే, ఆ దుంపల్లోంచి పసుప్పచ్చటి పువ్వు తల ఎత్తేది. తల్లి పోయే ముందు దుంపలు ఇద్దరికీ పంచి ఒక మాట చెప్పింది. ఎవరింట్లో ముందు పూస్తే వాళ్లు ఆ పువ్వు తీసుకెళ్లి రెండోదాని తలలో పెట్టాలి.

అమ్మ మాట గనక పెట్టేవారు. పెట్టాక వెంటనే తిరిగి రాలేరు గనక కూర్చునేవారు. ఆ పూట వంటింట్లో నవ్వులే నవ్వులు. పువ్వు వాడిపోయాక మళ్లీ ఎవరి మౌనం వారిది.

కిందటి వానలకు మరదలి దుంపలు కుళ్లిపోయాయి. మిగిలినవి ఈ గూటి కిందివే. ఇవీ పోతే, ఆ ఒక్క పూటా పోయినట్టే.

అందుకే తాళం.

ఒక పొద్దున, మంచులో తన కాళ్లు తనకే కనబడని వేళ, తాత గూడు తెరిచాడు.

తాళం చెక్కు చెదరలేదు. తీగ ఒక్కటీ వంగలేదు. వేలు ఆనిస్తే మట్టి మెత్తగా లోపలికి దిగిపోయింది. దుంపల చోట బొరియ.

పందికొక్కు కింది నుంచి వచ్చింది.

జన్మంతా తలుపులతోనే గడిపినవాడికి, నేల కూడా తలుపేనని తోచలేదు.

తాత తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్లాడు. బుట్టలోంచి గుప్పెడు ఉల్లిగడ్డలు తెచ్చి, పాతి, మట్టి కప్పి, మళ్లీ తాళం వేశాడు.

వాటి జోలికి పందికొక్కు రాలేదు. మొలకలు వచ్చాయి. భార్య రోజూ చెంబుతో నీళ్లు పోసేది.

"ఈసారి ఆకు గొట్టంలా వస్తోందేమండీ?"

"గూట్లో పెరుగుతోంది కదా. సిగ్గుతో ముడుచుకుంది."

"వాసన కూడా వేరుగా ఉంది."

"ఇనుము వాసన."

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగితే ఆయన దగ్గర మాటలకు కరువా? అడగకపోతేనే భయం.

మధ్యాహ్నాలు కుర్చీలో తాత కళ్లు మూతపడేవి. కలలో మడి నిండా పసుపు కాంతి. దూడంత పందికొక్కు నడుముకు తాళంచెవుల గుత్తి కట్టుకుని, ఒక్కో మొగ్గనూ తాళం తీసినట్టు విప్పుతూ పోయేది. "మా అత్తగారి పువ్వేదయ్యా?" అని అడిగేవాడు. అది గుత్తిలో చెవి వెతుకుతూనే ఉండేది. వెతుకుతుండగానే మెలకువ వచ్చేసేది.

చలి సడలింది.

ఒక కాడ చివర తెల్లటి పూలబంతి విచ్చుకుంది. పోతూ పోతూ మంచు ఒక ముద్దను అక్కడే మరిచిపోయినట్టుంది.

భార్య చెయ్యి చాపింది. తాళంచెవి ఇచ్చాడు. ఆమె గోటితో కాడ తుంచింది. ఘాటు గుప్పుమంది.

"అది..." అన్నాడు తాత.

"నా బుట్టలో ఉల్లిగడ్డలు తగ్గితే నాకు తెలియదా?"

"మరి?"

"పూసింది కదా," అని గేటు తీసుకుని వెళ్లింది.

తాత స్టూలెక్కి గోడ మీంచి చూశాడు.

మరదలు ఆ తెల్లటి బంతిని చూసింది. అక్క ముఖం చూసింది. "అక్కా, ఇది..."

"అవునే. అమ్మవి అయిపోయాయి. వచ్చే ఏడు ఏమీ లేదు."

మరదలు వెనక్కి తిరిగి, తల వంచింది.

ఆ పూట వంటింట్లోంచి నవ్వులు రాలేదు. పొద్దు వాలేదాకా సన్నగా గొంతులు మాత్రం వినిపించాయి.

మర్నాటికి పువ్వు వాడిపోయే ఉంటుంది. రెండిళ్లూ ఎప్పటిలాగే చప్పుడు లేకుండా లేచాయి.

భార్య పాలు పొయ్యి మీద పెట్టి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. తాత పొయ్యి పక్కనే ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. పాలు పొంగి, గిన్నె అంచు దాటి, మంట మీద పడ్డాయి.

గోడ అవతలి నుంచి కేక.

"అక్కా! పాలు మాడుతున్నాయే! ఇక్కడిదాకా వాసన!"

పెరట్లో బట్టలు దులిపే చప్పుడు ఆగిపోయింది.

తాత, పొయ్యి ఆర్పబోయిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.