పుస్తకంలో ఉన్నదంతా

"నీకు ఈ ఇంట్ల భాగం ఎక్కడిది? నువ్వే వద్దని రాసిస్తివి గదా!"

అన్న బస్వరాజ్ మాటకు మాణిక్ బిత్తరపోయాడు.

"నేనెప్పుడు రాసిచ్చిన అన్నా?"

బస్వరాజ్ అల్లం బస్తా మీది నుంచి లేచి లోపలికి వెళ్లాడు. ఒక పుస్తకం తెచ్చి పెద్దమనుషుల ముందు పెట్టాడు. మాణిక్ రాసిన కథల పుస్తకమే అది. బొంబాయి బట్టల మిల్లులో పన్నెండేళ్లు పనిచేస్తూ, దినమంతా మరాఠీ మాట్లాడి, అద్దె గది ఖోలీకి చేరాక తెలుగులో రాసుకున్న కథలు. పోయినేడు దోస్తులు చందాలేసి అచ్చు వేయించారు. ఒక కాపీ అన్నకు పోస్టులో పంపితే, ముట్టుకున్నాడో లేదో కూడా తెలియలేదు. ఇప్పుడు చూస్తే దాని అంచులు నలిగి ఉన్నాయి.

ఒక్క క్షణం మాణిక్ గుండె పొంగింది. అన్న చదివాడు!

"కాకా, మొదటి పేజీ మీరే చదువున్రి," అన్నాడు బస్వరాజ్.

పంచాయతీకి పెద్ద గురులింగప్ప. కళ్లద్దాలు సవరించుకుని పైకి చదివాడు. "జహీరాబాదులో నాకు ఇల్లంటూ లేదు. నేను రాసుకునే కాగితమే నా ఇల్లు."

"కింద ఎవరి పేరుంది? చేతి సంతకం కంటె అచ్చు గట్టిది గదా!" బస్వరాజ్ అందరి వైపు చూశాడు.

పెద్దమనుషులు తలలూపారు. కోహీర్ నుంచి వచ్చిన మల్లికార్జున్ మాత్రం తల ఊపలేదు. బస్వరాజ్ భార్య, బావిలో పడి చనిపోయిన గిరిజమ్మకు అతను అన్న. కబురు మీద కబురు పెట్టి అతన్ని పంచాయతీకి రప్పించింది బస్వరాజే.

"గదంత కథ కాకా! మనసుల బాధ రాసుకున్న. కథ దస్తావేజు ఎట్లయితది?"

"అయితే అబద్ధం రాసినవా?" గురులింగప్ప అడిగాడు.

మాణిక్ బయటికి చూశాడు. వాకిట్లో ట్రంకుపెట్టె మీద అతని భార్య మనోరమ జ్వరంతో ముడుచుకుని కూర్చుంది. సమ్మెలో మిల్లు మూతపడింది. ఖోలీ ఖాళీ చేయించారు. ఇక్కడ ఒక్క గది దొరక్కపోతే బస్టాండే దిక్కు.

"అబద్ధమే," అన్నాడు.

"గా ఒక్క మాటేనా?" బస్వరాజ్ అందుకున్నాడు. "గిది అబద్ధం, గది నిజమంటె నడ్వది తమ్మీ. పుస్తకం నిజమైతే ఇల్లు నాది. అబద్ధమైతే సగం నీది. ఏదో ఒకటి చెప్పు. మెడల లింగం ముట్టి చెప్పు."

ఒక పక్క పన్నెండేళ్ల రాత, ఇంకో పక్క నెత్తి మీద కప్పు. కాగితం కింద ఎవడూ తలదాచుకోలేడని మాణిక్‌కు బొంబాయి ఫుట్‌పాత్ నేర్పింది. గట్టి బేరగాడు అడగ్గానే దిగివచ్చాడంటే సరుకును ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకోవాలి. ఆ సంగతి మాత్రం నేర్పలేదు.

వాకిట్లో మనోరమకు దగ్గు తెర వచ్చింది. ఆగలేదు.

మాణిక్ లింగాన్ని గుప్పిట పట్టుకున్నాడు. "పుస్తకంల ఉన్నదంతా అబద్ధమే. మొదటి అక్షరం నుంచి ఆఖరుదాక నేను కల్పించి రాసిందే."

గురులింగప్ప పుస్తకం మూసేశాడు. బస్వరాజ్ మారుమాట లేకుండా మొలలోంచి తాళంచెవి తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"తూర్పు దిక్కు సగం నీది. ఫికర్ జెయ్యకు. మనోరమను లోపటికి తోల్కరా."

తరువాత మల్లికార్జున్ వైపు తిరిగాడు.

"విన్నవ్ గదా బావా? నీ చెల్లెను నేనే బాయిల నూకినట్టు రాసిన కథ గూడ గా పుస్తకంలదే. ఇగ ఠాణల ఏం సాక్ష్యం జూపిస్తవో జూపియ్యి."