ఎండుమిర్చి పోపు

అగ్రిమెంటు గడువు అయిపోయింది. నోయిడాలో ప్రవల్లిక అద్దెకుంటున్న ఫ్లాటుకు ఓనరు చోప్రా అంకుల్ కొత్తవాళ్లను వెతుకుతున్నాడు. మెట్రోకి నాలుగడుగుల దూరంలో ఉన్న ఇల్లు వదలడానికి ప్రవల్లికకు మనసెలా ఒప్పుతుంది?

అందుకే ఎవరైనా ఇల్లు చూడ్డానికి వస్తున్నారని తెలియగానే కిటికీలు మూసేసి, కాగిన నూనెలో గుప్పెడు ఎండుమిరపకాయలు పడేసేది. వచ్చినవాళ్లు దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ లిఫ్టు వైపు పరుగెత్తేవారు.

"బేటీ, యే క్యా బనా రహీ హో?" అంటూ ఏం వండుతోందో అడిగేవాడు అంకుల్, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

"రసం, అంకుల్! హమారా తో రోజ్ కా ఖానా హై," అనేది అమాయకంగా, తమ ఇంట్లో రోజూ ఉండే వంటే అన్నట్టు.

ఆదివారం జీన్స్ వేసుకున్న ఒకావిడ వచ్చింది. ప్రవల్లిక ఈసారి రెండు గుప్పెళ్లు వేసింది. అంకుల్ దగ్గుతూ బాల్కనీలోకి పారిపోయాడు.

ఆవిడ మాత్రం నేరుగా వంటింట్లోకి వచ్చింది. కళ్లు మూసుకుని ఆ ఘాటును గుండెల నిండా పీల్చుకుంది. తర్వాత చెయ్యి చాచి పొయ్యి మంట తగ్గించింది.

"మాడిపోతున్నాయండీ, కాస్త ఇంగువ వెయ్యండి. ఎన్నాళ్లయిందో ఈ వాసన తగిలి! ఇంతకీ మీరెప్పుడు ఖాళీ చేస్తున్నారు?"