ఒడ్డున భోజనాలు

"చాప అక్కడ కాదమ్మాయ్, ఇంకాస్త ముందుకు వెయ్యి. నీళ్ళు కనబడాలి" అంది పెద్దావిడ.

చాప వేస్తున్న ఆమె దాన్ని మళ్ళీ ఎత్తింది. గాలికి చాప కొస లేచి మొహానికి కొట్టింది. మూలల్లో రాళ్ళు పెట్టి, నడుం పట్టుకుని నిలబడింది.

ఆమె ఇల్లు చెరువు గట్టు మీదే. పంకా ఉంది, కుర్చీలున్నాయి. కానీ వీళ్ళకు లోపల కూర్చుంటే ఊపిరాడదు. పోయిన కొడుకును తలుచుకుంటూ ఏటా ఒక ఆదివారం ఈ ఒడ్డునే గడిపి పోతారు. పెద్దావిడ, పెద్దాయన, వాళ్ళ కూతురు, మనవరాలు.

వంట ఇంట్లో. తిండి ఒడ్డున. అన్నం గిన్నె మోసుకొస్తే గరిటె మరిచిపోయేది. గరిటె తెస్తే మంచినీళ్ళు. గట్టెక్కడం, దిగడంతోనే ఆమె కాళ్ళు పీకేశాయి. ఇంట్లో కుట్టుమిషను పక్కన బడిపిల్లల యూనిఫాంలు కొండలా పేరుకుపోయి ఉన్నాయి. బడి తెరిచేలోగా ఇవ్వకపోతే హెడ్మాస్టరు ఊరుకోడు.

"మీవాళ్ళొచ్చారుగా! ఇవాళ ఇటువైపు వల వెయ్యన్లే" అని పడవలోంచి కేకేసి, జాలరి పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఈసారి చెప్పెయ్యాలనుకుంది. 'అత్తయ్యా, ఇక రాకండి. మీకూ శ్రమ, నాకూ శ్రమ.' పట్టుమని పది మాటలు లేవు. పొద్దున్నుంచీ వాటినే లోపల వల్లెవేసుకుంటోంది. అసలు అత్తయ్య అన్న పిలుపు కూడా మొదటేడు ఏమని పిలవాలో తోచక నోటికొచ్చిన వరసే. అదే ఉండిపోయింది.

పెద్దాయన ఎప్పటిలాగే నీళ్ళకు వీపు పెట్టి కూర్చున్నాడు. పెద్దావిడ నీళ్ళకేసి తిరిగి కూర్చుంది.

"నువ్వూ కూర్చో. నువ్వు తినేది నేను చూడాలి."

"తర్వాత తింటానత్తయ్యా."

"తర్వాతంటే నేను నమ్మను. మెడ ఎముకలు ఎలా తేలాయో చూడు! రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"పడుతోంది."

"ఒక్కదానివే ఇంట్లో ముడుచుకుని కూర్చోకు. నలుగురిలోకి వెళ్ళు. మొన్న ఒక మంచి సంబంధం..."

"అత్తయ్యా!"

"మావాడున్నా ఇదే అనేవాడు" అన్నాడు పెద్దాయన, తలెత్తకుండా.

ఆకలి లేకపోయినా ముద్దలు కుక్కుకుంది. వీళ్ళ ముందు కడుపునిండా తినాలి. నవ్వాలి. పని బాగా సాగుతోందని చెప్పాలి. ఏటా ఈ ఒక్కరోజు నవ్వినందుకు, ఆ తర్వాత రెండు రోజులు మంచం దిగబుద్ధి కాదు.

మనవరాలు వచ్చి ఆమె ఒళ్ళో చేరింది.

"అత్తా, మామయ్య నీతో ఏం మాట్లాడేవాడు?"

చాప మీద అందరి చేతులూ ఆగిపోయాయి.

"పెద్దగా మాట్లాడలేదమ్మా" అంది ఆమె, పిల్ల జుట్టు సర్దుతూ.

భోజనాలయ్యాక గిన్నెలు తోముతుంటే పెద్దావిడ కూతురు వచ్చి పక్కన కూర్చుంది. ఆ కూతురు మొదట్నుంచీ ముభావమే. ఈసారి తనే నోరు విప్పింది.

"మేమొస్తే నీకు విసుగు. నాకు తెలుసు. నిజం చెప్పాలంటే నిన్ను చూడ్డం నాకూ కష్టమే. మొదట్లో అయితే నీ మొహం చూడబుద్ధయ్యేది కాదు."

ఆమె తల వంచుకుని తోముతూనే ఉంది.

"కానీ మా అమ్మ ఉంది చూశావూ, ఇక్కణ్ణుంచి వెళ్ళాక కొన్నాళ్ళపాటు సరిగ్గా అన్నం తింటుంది. 'పిల్ల బాగుందే, ఈసారి నవ్విందే' అని వీధి వీధంతా చెప్పుకుంటుంది. అందుకని... నువ్వు బాగుండు. అంతే. మాకింకేం వద్దు."

గిన్నె ఎప్పుడో తెల్లబడింది. ఆమె ఇంకా నీళ్ళు పోస్తూనే ఉంది.

పొద్దు వాలుతుండగా బయల్దేరారు. బస్సు దగ్గర పెద్దావిడ ఆమె గడ్డం పట్టుకుంది.

"వచ్చే ఏడు రాగలనో లేదో తల్లీ. ఈ మోకాళ్ళు నా మాట వినడం లేదు."

ఇంతకు మించిన అదను దొరకదు. మాట నోటిదాకా వచ్చింది.

"మీరు రాలేకపోతే నేనే వస్తానత్తయ్యా" అంది.

ఆ మాట అన్నది తనేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. పెద్దావిడ కొంగుతో కళ్ళొత్తుకుని బస్సెక్కింది. పెద్దాయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

ఆమె కాళ్ళీడ్చుకుంటూ గట్టు దిగింది. ఇంకా తెమలని పని బోలెడుంది. ఏదీ ముట్టబుద్ధి కాక ఒడ్డునే కూలబడింది. చీకటి పడేదాకా నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.

ఇక బతకలేనని ఒకనాడు ఈ నీళ్ళలోకి దిగిన తనను జుట్టు పట్టి లాగి ఒడ్డుకు తోసి, తాను మాత్రం మునిగిపోయిన ఆ దారినపోయే మనిషి పేరు, మర్నాడు పెద్దావిడ అతని మీద పడి ఏడుస్తూ పిలిచేదాకా ఆమెకు తెలియనే తెలియదు.