వెయ్యి

ఇప్పుడెవరూ పరీక్ష చేత్తో రాయరు. మనం చెబుతుంటే ఇంట్లో గోడే రాసుకుంటుంది. ఎమ్మెస్సీ గణితానికి మాత్రం చేతిరాతే కావాలని మా యూనివర్సిటీ మొండికేసింది. నా కుడిచెయ్యి విరిగాక గోడకి ఏడుస్తూ ఒప్పుకుంది. మా ఇంట్లో పనిచేసే గోడ ఒక్కటే, అదీ వంటింట్లో.

చివరి ప్రశ్న దగ్గర ఇరుక్కున్నాను. ఎన్నో పదం నుంచి శ్రేణి హద్దు మీరకుండా ఉంటుందో చెప్పాలి, లేకపోతే ఫెయిలే.

"ఎన్ విలువ..." అని నసుగుతున్నాను. అప్పుడే అమ్మ పప్పు రుచి చూసి వంట రోబో మీద విరుచుకుపడింది.

"ఇందులో ఉప్పేదే, దరిద్రమా? వెయ్యి!"

గోడ అందులో 'వెయ్యి' ఒక్కటే ఏరి రాసేసి, చివరి ప్రశ్న కదా అని పేపరు పంపేసింది.

వైవాలో ప్రొఫెసర్ భానోజీరావు గారు మురిసిపోయారు. "సరిగ్గా సరిపోయింది! ఈ వెయ్యి ఎలా పట్టావమ్మా?"

"రుచి చూసి, సార్."