మూడో బెంచీ ప్రశ్నలు

“ఈ పొద్దు వాని నోటికి తాళం వేయాల్సిందే,” అంది మహేశ్వరి, హాస్టలు గదిలో జడ అల్లుకుంటూ.

“పోనీలే అక్కా. అడగనీ,” అంది సుమతి ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

“నువ్విట్లా మెత్తగా ఉంటావు కాబట్టే వాడు నెత్తినెక్కి కూచున్నాడు.”

వాడంటే హరికృష్ణ. పెద్దముడియం పిల్లోడు. పులివెందులలో రోబోల మీద ఎం.టెక్. చదివే తొమ్మిది మందిలో వీళ్లు ముగ్గురూ ఉన్నారు. ప్రతి ఒక్కరూ నెలకొక పరిశోధన పత్రం చదివి, క్లాసు ముందు నిలబడి వివరించాలి. చెప్పినదానికి పది మార్కులు, ప్రశ్నలకు జవాబిచ్చినందుకు పది. ఎవరూ ఏమీ అడక్కపోతే ఆ రెండో పదీ సున్నా. అది రమణి మేడం రూలు. అందుకని స్నేహితులు ఒకరికొకరు రోబో బరువెంత, బ్యాటరీ ఎంతసేపొస్తుంది అని అడిగి పుణ్యం కట్టుకుంటారు. అలాంటివాటికి మేడం ఒక్కో మార్కు విదిలిస్తుంది.

హరికృష్ణ ఆ పుణ్యం జోలికి పోడు. మిగతావాళ్లు చెప్పేటప్పుడు కునుకు తీస్తాడు. సుమతి ముగించిందంటే చాలు, మూడో బెంచీలో నిటారుగా లేచి, గుక్క తిప్పుకోకుండా, పద్యం అప్పజెప్పినట్టు మూడు ప్రశ్నలు వేస్తాడు. మూడూ కొరుకుడుపడనివే. సుమతి కాసేపు తల వంచుకుని, తర్వాత బోర్డు మీద లెక్క వేసి మరీ జవాబు చెబుతుంది. క్లాసంతా నోరెళ్లబెడుతుంది. పిల్ల గట్టిది కాబట్టి సరిపోయింది, లేకుంటే ఏమయ్యేదని మహేశ్వరికి ప్రతిసారీ కడుపు మండిపోతుంది.

సుమతికి ఈ రోజుది చివరి ప్రెజెంటేషన్. ఇవన్నీ చూసి మేడం తన పొలం రోబో ప్రాజెక్టులోకి ఒక్కరినే తీసుకుంటుంది. నెలనెలా స్టైపెండు. అది దొరికితే సుమతి చదువు సాగుతుంది. దొరక్కపోతే మానేసి ఎర్రగుంట్లలో ఏదో ఒక ఉద్యోగంలో చేరమని, వీరపునాయునిపల్లెలో గొర్రెలు మేపుకునే వాళ్ల నాయన ఓబులయ్య ముందే చెప్పేశాడు.

మహేశ్వరి ప్రొద్దుటూరు బట్టల అంగడి బిడ్డ. చీర వద్దని లేచిపోయే మనిషిని కూచోబెట్టి రెండు చీరలు అంటగట్టే ఇంట్లో పుట్టింది. ఒక పిల్లోణ్ణి కూచోబెట్టడం ఎంతపని అనుకుంది. క్యాంటీన్లో వాణ్ణి పట్టుకుంది.

“ఏం హరీ, సుమతి మీద నీకేంది పగ?”

హరికృష్ణ టీ గ్లాసు కింద పెట్టాడు. “పగేందక్కా?”

“ఈ పొద్దన్నా నోరు మూసుకొని కూచుంటావా, లేదా?”

“నేనడక్కపోతే ఎట్లక్కా?” అన్నాడు వాడు, నిజంగానే దిగులుపడి.

“అడక్కపోతే ఏమైతాది? భూమి బద్దలైతాదా?”

“అది కుదరదులేక్కా. నాకు శానా పనుంది, చదువుకోవాల,” అని లేచిపోయాడు.

ఇంత మొండివాడికి మంచిమాట పనికిరాదని మహేశ్వరికి అర్థమైంది. ల్యాబులో ఒక కట్టుబాటుంది. ఛార్జింగు పెట్టిన రోబో బ్యాటరీని ఒంటరిగా వదలకూడదు. పోయినేడు ఒకటి ఉబ్బి బల్ల కాల్చింది. మహేశ్వరి పోయి ఒక బ్యాటరీ ఛార్జింగు పెట్టి, వాణ్ణి పిలుచుకొచ్చింది.

“దీని దగ్గర కూచోమని మేడం చెప్పింది. నేనొచ్చి పిలిచేదాకా లేవొద్దు.”

“సుమతిది ఎప్పుడు?”

“ఆఖర్న. పిలుస్తాలే.”

తన ప్రెజెంటేషన్ ముందు రోజే అయిపోయిన హరికృష్ణ నమ్మాడు. బుద్ధిగా బ్యాటరీ పక్కన కుర్చీ వేసుకుని కూచున్నాడు. మహేశ్వరి ఆ రోజు మొదటి పేరే సుమతిదని తెలిసీ, చిరునవ్వుతో క్లాసుకు పోయింది.

ఊరంతా తిరిగి పాత చోటికే వచ్చిన రోబో, ఇది ముందు చూసిన చోటేనని ఎలా గుర్తుపడుతుందో సుమతి చక్కగా చెప్పింది. మేడం తలూపింది.

“ప్రశ్నలు?”

ఎవరూ లేవలేదు. ఎట్లాగూ హరికృష్ణ అడుగుతాడని తక్కినవాళ్లు ఏమీ సిద్ధం చేసుకోలేదు. సుమతి మూడో బెంచీ వైపు చూసింది. తర్వాత తలుపు వైపు చూసింది. మళ్లీ బెంచీ వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది మహేశ్వరికి, ప్రశ్న లేకపోతే సున్నా అని. గబుక్కున లేచి, ఎంత సులువైనది అడగ్గలదో అంత సులువైనది అడిగింది.

“ఈ పద్ధతి జమ్మలమడుగు పక్క శనగ చేలల్లో పనికొస్తాదా?”

వస్తుందని ఒక్క మాట అంటే చాలునని ఆమె లెక్క. కానీ రమణి మేడం కుర్చీలో ముందుకు జరిగింది.

“మంచి ప్రశ్న. చేలో ఏ సాలు చూసినా ఒక్కలాగే ఉంటుంది. చూసిన సాలేదో, చూడని సాలేదో రోబోకు ఎలా తెలుస్తుంది? చెప్పు సుమతీ.”

సుమతి మార్కరు మూత తీసింది. మళ్లీ పెట్టింది. “తెలీదు మేడం,” అంది చివరికి.

మేడం ఆశ్చర్యంగా చూసి, పుస్తకంలో ఏదో రాసుకుంది. మిగతావాళ్లవీ అయ్యాక అంది: “మహేశ్వరీ, పొలంలో తిరిగినవాళ్లకే అలాంటి ప్రశ్న తడుతుంది. సోమవారం నుంచి ప్రాజెక్టులో చేరు.”

మహేశ్వరి శనగ చేను బస్సు కిటికీలోంచి తప్ప చూసి ఎరగదు.

క్లాసు అయ్యాక వరండాలో ఆమె సుమతి చెయ్యి పట్టుకుంది. “నాకొద్దు ఆ చోటు. మేడంతో నేను చెప్తా. నీకు మంచి చేద్దామనుకుంటే ఇట్లయింది.” ఆమెకు ఏడుపొచ్చేసింది.

“హరి యాడక్కా?” అంది సుమతి, అదొక్కటే.

“వాని గొడవ ఇప్పుడెందుకే? ల్యాబులో కట్టేసినట్టు కూచోబెట్టినా.”

అంతలో హరికృష్ణ బ్యాటరీ చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. “పిలుస్తానంటివే అక్కా?” అని మహేశ్వరిని నిష్ఠూరంగా చూసి, సుమతి వైపు తిరిగాడు.

“సుమతీ, నువ్వు రాసిచ్చిన ప్రశ్నలు ఎవురడిగినారు?”