వంక లేని మాను

“ఎవరి చేతిపని ఇది?” అన్నాడు గెన్పాచి, బల్లమీది కుండీ చుట్టూ మళ్లీ తిరుగుతూ.

“ముందు వంక చెప్పు నాన్నా,” అంది చిగుసా, టీ పోస్తూ.

మానులో వంక దొరికితే బోన్సాయ్ తోట అన్నకొడుకు మసాకిది. దొరక్కపోతే కూతురిది. పందెం గెన్పాచే కట్టాడు. ఆడపిల్లకి ఆకులు కత్తిరించడం వస్తుంది గాని మాను లావెక్కించే ఓపిక ఉండదని ఆయన నమ్మకం. ఓమియా ఊళ్లో ఆ మాట ఆయన అనని గుమ్మం లేదు.

కళ్లద్దాలు దించి వంగాడు. జానెడు మేపుల్ చెట్టు. మొదలు పిడికిట్లో పట్టనంత లావు. పైకి పోనుపోను సన్నబడి, కొసన పుల్లంత. ఎక్కడా ఉబ్బు లేదు. కుండీ వెనక్కి తిప్పాడు. కత్తెర గాట్లు మానిపోయాయి, వెతికితేగాని కనబడవు.

“కొనుక్కొచ్చావు.”

“లేదు. అమ్మ చనిపోయిన ఏడాది నుంచీ నేనే పెంచుతున్నా.”

“ఎక్కడ?”

“స్నానాల నీళ్లు కాచే పొయ్యి వెనక. నువ్వు అటు తొంగి చూస్తేగా!”

“ఇంత లావు ఊరికే రాదే!” పందెం సంగతి మరిచిపోయి, పక్కనున్న తన మేపుల్‌ని నిమిరాడు. “దీనికి చూడు. కింద బలికొమ్మ ఒకటి ఆంబోతులా వదిలేశా. అది పెరిగినకొద్దీ మొదలు లావెక్కింది. పని తీరాక నరికేశా. ఇదిగో మచ్చ. మరి నీదానికి మచ్చేది?”

“దీనికి బలికొమ్మే లేదు.”

“నా చెవిలో పువ్వులు పెట్టకు!”

“పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! వంక దొరికిందా, లేదా?”

గెన్పాచికి ఒళ్లు మండింది. కళ్లు మాత్రం ఆ మానుని వదల్లేదు. చాలాసేపటికి నడుముకున్న కత్తెర తీసి ఆమె ముందు పెట్టాడు. మసాకిని ఎన్నడూ ముట్టుకోనివ్వని కత్తెర అది.

“ఓడాను. తోట నీదే. ఇప్పుడైనా నిజం చెప్పవే, చచ్చేలోపు తెలుసుకుంటా. ఇంత మొదలు నీకెక్కణ్ణించి వచ్చింది?”

చిగుసా కత్తెర అందుకుంది.

“నువ్వు నరికిన బలికొమ్మ ఏమైంది నాన్నా?”

“పొయ్యిలో పెట్టమని నీకే ఇచ్చాగా, మీ అమ్మ చనిపోయిన ఏడాది.”

“పొయ్యి వెనక నాటాను.”